పై 5 గొప్ప బోర్డే, కానీ మన ల్యాబ్‌కి ఏది కావాలి?

ఫైనలియర్‌లో అబ్‌స్ట్రాక్ట్ సబ్మిట్ చేసే వారం వచ్చిందంటే వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. "పై 5 తీసుకోవాలా, పై 4 చాలా?" దాని కింద పది రిప్లైలు. తొమ్మిది మంది "లేటెస్ట్ తీసుకో రా" అంటారు. పదో వాడు ఏదో రీల్ ఫార్వర్డ్ చేస్తాడు. "అసలు ప్రాజెక్ట్ ఏంటి?" అని మాత్రం ఒక్కరూ అడగరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇప్పటిదాకా వచ్చిన రాస్ప్‌బెర్రీ పైలన్నిటిలో పై 5 బెస్ట్. అందులో డౌటు లేదు. అయితే అది చిన్న కంప్యూటర్‌గా ఎంత ఎదిగిందో, నేర్చుకునే బోర్డుగా మనకి అంత దూరమైంది. ఈ రెండూ ఒకే బోర్డు గురించి నిజాలే. కొనేముందు రెండూ తెలుసుకోవాలి, ముఖ్యంగా మన ల్యాబ్‌ల కోసం కొనేవాళ్లు తెలుసుకోవాలి.

ఏం పెరిగింది?

పై 4 వచ్చింది 2019 జూన్‌లో. పై 5 ని 2023 సెప్టెంబర్ 28న ప్రకటించారు, అక్టోబర్ చివర్లో చేతికొచ్చింది. నాలుగేళ్లకు పైగా గ్యాప్. వచ్చి రెండేళ్లు దాటినా వరుసలో ఇప్పటికీ ఇదే కొత్తది.

ముందు ప్రాసెసర్ చూద్దాం. పై 4 లో 28 నానోమీటర్ల బీసీఎం2711 చిప్, అందులో నాలుగు కార్టెక్స్ ఏ72 కోర్లు, స్పీడు 1.5 గిగాహెర్ట్జ్ (తర్వాతి రివిజన్లలో 1.8). పై 5 లో 16 నానోమీటర్ల బీసీఎం2712, నాలుగు కార్టెక్స్ ఏ76 కోర్లు, 2.4 గిగాహెర్ట్జ్. ప్రతి కోర్‌కీ సొంతంగా 512 కేబీ ఎల్2 క్యాష్, అన్నిటికీ కలిపి 2 ఎంబీ ఎల్3. పాతదాని కంటే రెండు మూడు రెట్లు వేగం అని కంపెనీ చెప్పింది, వాడినవాళ్లకి అది నిజమే అనిపిస్తుంది. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే పై 4 ఆయాసపడేది. పై 5 మామూలు పీసీలా నడుస్తుంది. ఎన్‌క్రిప్షన్‌కి కావలసిన ఏఈఎస్ ఇన్‌స్ట్రక్షన్లు పై 4 లో లేవు, ఇందులో ఉన్నాయి. వీపీఎన్ లాంటి ప్రాజెక్టులు చేసేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

నా దృష్టిలో ప్రాసెసర్ కంటే పెద్ద మార్పు ఆర్‌పీ1 అనే రెండో చిప్. యుఎస్‌బీ, ఈథర్‌నెట్, కెమెరా కనెక్టర్లు, మనం వైర్లు గుచ్చే జీపీఐఓ పిన్నులు ఇప్పుడు ఈ చిప్ కిందికి వచ్చాయి. మెయిన్ ప్రాసెసర్‌తో ఇది నాలుగు లేన్ల పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకు మీద మాట్లాడుతుంది. రాస్ప్‌బెర్రీ పై వాళ్లు దీన్ని సొంతంగా డిజైన్ చేసుకున్నారు. తాము చేపట్టిన వాటిలో ఎక్కువ కాలం సాగింది, ఎక్కువ ఖర్చయింది ఇదేననీ, దాదాపు కోటిన్నర డాలర్లు పెట్టామనీ వాళ్లే చెప్పారు. ఫలితం ఏంటంటే రెండు యుఎస్‌బీ 3.0 పోర్టులూ ఒకేసారి ఫుల్ స్పీడులో పనిచేస్తాయి.

ఇంకా చిన్నవిగా కనబడే మంచి మార్పులు కొన్ని ఉన్నాయి:

పవర్ బటన్ వచ్చింది. పన్నెండేళ్ల పై చరిత్రలో ఆఫ్ చేయడం అంటే ప్లగ్ పీకడమే అనుకున్న తరానికి ఇది పండగే.

రియల్ టైమ్ క్లాక్ వచ్చింది. పాత పైలకి ఇంటర్నెట్ లేకపోతే టైమ్ తెలియదు. కరెంటు పోయి వచ్చాక డేటా లాగ్‌లో తేదీలు వెనక్కి వెళ్లిపోయేవి. ఇప్పుడు చిన్న బ్యాటరీ పెడితే చాలు. బ్యాటరీ మాత్రం విడిగా కొనాలి. దాన్ని చార్జ్ చేసే సెట్టింగ్ మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది, కాబట్టి మనం పెట్టింది చార్జ్ అయ్యే రకమేనా అని చూసుకున్నాకే ఆన్ చేయాలి.

ఒక లేన్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ బయటికి ఇచ్చారు. దానికి అడాప్టర్ తగిలించి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవచ్చు. ఎస్‌డీ కార్డు కరప్ట్ అయిన రోజున కానీ దీని విలువ అర్థం కాదు. కెమెరాలు కూడా ఇప్పుడు రెండు తగిలించవచ్చు, స్టీరియో విజన్ ప్రాజెక్టులకి పనికొస్తుంది.

ఇదంతా చూస్తే "ఇంకేం కావాలి, ఆర్డర్ పెట్టేద్దాం" అనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగండి.

ఏం పోయింది?

కొత్త మోడల్ వచ్చినప్పుడు యూట్యూబ్ రివ్యూల్లో పెరిగినవి పది నిమిషాలు చెబుతారు, పోయినవి చివరి ముప్పై సెకన్లలో. పై 5 లో పోయినవి మన ప్రాజెక్టులకి తగిలేవే.

మొదటిది హెచ్.264 హార్డ్‌వేర్. పై 4 లో ఈ ఫార్మాట్ వీడియోని ఎన్‌కోడ్ చేయడానికీ, డీకోడ్ చేయడానికీ చిప్‌లోనే ప్రత్యేకమైన సర్క్యూట్ ఉంది. 1080పీ వీడియోని ప్రాసెసర్ మీద బరువు పడకుండా లాగించేది. పై 5 లో అది లేదు. హెచ్‌ఈవీసీ డీకోడర్ ఉంచారు, ఎన్‌కోడర్ మాత్రం ఏదీ లేదు. "మా ప్రాసెసర్ ఇప్పుడు అంత స్ట్రాంగ్, సాఫ్ట్‌వేర్‌లోనే చేసేస్తుంది" అన్నది వాళ్ల వాదన. అది నిజమే, చేస్తుంది. అయితే మన బ్యాచ్‌లలో ఎక్కువగా కనబడే ప్రాజెక్ట్ ఏంటి? కెమెరా పెట్టి, మొహం గుర్తుపట్టి, వీడియోని ఫోన్‌కి స్ట్రీమ్ చేయడం. మొహం గుర్తుపట్టేదీ ఆ నాలుగు కోర్లే, వీడియోని కుదించేదీ ఆ నాలుగు కోర్లే. పెరిగిన శక్తిలో కొంత, ఇంతకుముందు ఫ్రీగా అయిపోయే పనికే ఖర్చవుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే మరీ ఎక్కువవుతుందేమో కానీ, ఆ దారిలోనే ఉంది.

రెండోది 3.5 ఎంఎం ఆడియో జాక్. స్పీకర్ తగిలించి తెలుగులో "తలుపు తెరుచుకుంది" అని చెప్పించే ప్రాజెక్ట్ చేయాలంటే ఇప్పుడు యుఎస్‌బీ సౌండ్ కార్డో, బ్లూటూత్ స్పీకరో, హెచ్‌డీఎంఐ మానిటరో కావాలి.

మూడోది కేబుల్. కెమెరా కనెక్టర్ 15 పిన్నుల నుంచి 22 పిన్నుల చిన్న సైజుకి మారింది. కెమెరా పాతదైనా పర్వాలేదు, కేబుల్ మాత్రం కొత్తది కావాలి. రివ్యూ ముందు రోజు రాత్రి ఈ విషయం తెలిస్తే, పొద్దున్నే కోఠి గుజరాతీ గల్లీలో షాపులు తెరిచేదాకా గేటు ముందు నిలబడాల్సిందే. ఈథర్‌నెట్, యుఎస్‌బీ పోర్టుల చోట్లు తారుమారు చేశారు కాబట్టి పై 4 కేసు కూడా పట్టదు.

మారాల్సి ఉండీ మారనివి కూడా చెప్పుకోవాలి. వైఫై ఇంకా 802.11ఏసీ దగ్గరే ఉంది. ఈథర్‌నెట్ ఒక గిగాబిట్టే. అనలాగ్ ఇన్‌పుట్ 2012 లోనూ లేదు, ఇప్పుడూ లేదు. నాలుగు వందల రూపాయల లోపు దొరికే బోర్డుల్లో ఉండే ఏడీసీ ఇందులో లేదు. గ్యాస్ సెన్సర్, సాయిల్ మాయిశ్చర్ సెన్సర్ అనలాగ్ రీడింగ్ కావాలంటే మధ్యలో ఎంసీపీ3008 లాంటి చిప్ పెట్టాలి.

కరెంటు, వేడి

దీనికి కొంచెం ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఎందుకంటే "మా పై 5 మధ్యలో ఆగిపోతోంది" అనే కంప్లైంట్లకి ఎక్కువగా మూలం ఇక్కడే ఉంటుంది.

పై 5 కి 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు కావాలి. "నా దగ్గర 65 వాట్ల లాప్‌టాప్ చార్జర్ ఉంది, చాలదా?" అని అడుగుతారు. చాలదు. యుఎస్‌బీ పవర్ డెలివరీ చార్జర్లు ఎక్కువ వాట్లు ఇచ్చేది వోల్టేజీ పెంచి. 9 వోల్టులు, 15 వోల్టులు, 20 వోల్టులు అలా. 5 వోల్టుల దగ్గర మాత్రం దాదాపు అన్నీ 3 ఆంపియర్లకే ఆగిపోతాయి. 5 వోల్టుల దగ్గరే 5 ఆంపియర్లు ఇవ్వడం మార్కెట్లో మామూలుగా దొరికే చార్జర్లు చేసే పని కాదు. అందుకే వాళ్ల 27 వాట్ల అడాప్టరే కొనాల్సి వస్తుంది.

3 ఆంపియర్ల చార్జర్ పెడితే బోర్డు ఆన్ అవుతుంది. కానీ వార్నింగ్ ఇచ్చి, యుఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లే ఇస్తుంది. సరైన అడాప్టర్ పెడితే 1.6 ఆంపియర్లు ఇస్తుంది. యుఎస్‌బీ హార్డ్ డిస్కో, 4జీ డాంగిలో తగిలించిన వాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది. కోడ్‌లో బగ్ అనుకుని రెండు రోజులు వెతుకుతారు, అసలు బగ్ చార్జర్‌లో ఉంటుంది.

వేడి సంగతిలో న్యాయంగా మాట్లాడాలి. ఒకే పని ఇస్తే పై 4 కంటే పై 5 తక్కువ కరెంటే తింటుంది. అయితే కొత్త బోర్డు కొన్నవాడు పాత పని ఇచ్చి ఊరుకోడు కదా. పూర్తి లోడ్‌లో పై 4 దాదాపు 8 వాట్ల దగ్గర ఆగితే, పై 5 దాదాపు 12 వాట్ల దాకా వెళ్తుంది. చిప్ 80 డిగ్రీలు దాటితే స్పీడు తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. ఆ లెక్క ఏసీ గదిలో కూర్చుని చూస్తే ఒకలా ఉంటుంది, మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఫ్యాన్ కింద కూర్చుని చూస్తే ఇంకోలా ఉంటుంది. గదే 40 డిగ్రీల పైన ఉంటే చిప్‌కి మిగిలే జాగా ఎంత? ఫ్యాన్ ఉన్న కూలర్ తప్పనిసరి. ఫ్యాన్ అంటే దుమ్ము, దుమ్ము అంటే మూసి ఉంచిన డబ్బాలో పెట్టి చేలో వదిలేసే ప్రాజెక్టులకి గండం.

బ్యాటరీ లెక్క కూడా వేసుకుందాం. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉండేది దాదాపు 37 వాట్ అవర్లు. నష్టాలు పోగా 31 అనుకోండి. పై 5 ఏ పనీ చేయకుండా ఊరికే కూర్చున్నా దాదాపు 3 వాట్లు తింటుంది. అంటే పది గంటలు. చేలో పెట్టిన సెన్సర్ బాక్స్ ఉదయం మొదలుపెడితే సాయంత్రానికి నిద్రపోతుంది.

బోర్డు ధర వేరు, బిల్లు వేరు

విడుదలైనప్పుడు 4 జీబీ పై 5 ధర 60 డాలర్లు, 8 జీబీది 80. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడకూడదంటారు. ఇక్కడ అంకుశాల లిస్టు చూడండి: అడాప్టర్ 12 డాలర్లు, యాక్టివ్ కూలర్ 5, కేసు 10, ఎస్‌ఎస్‌డీ పెట్టుకునే ఎం.2 హ్యాట్ 12, క్లాక్ బ్యాటరీ 5. మెమరీ కార్డు, ఎస్‌ఎస్‌డీ వేరే. కేసు, ఎస్‌ఎస్‌డీ హ్యాట్ మానేసినా, 60 డాలర్ల బోర్డు నడవాలంటే అడాప్టర్, కూలర్ కలిపి 77 అవుతుంది. ఇవన్నీ కంపెనీ ప్రకటించిన ధరలు. మన దగ్గరికి వచ్చేసరికి జీఎస్టీ, డీలర్ మార్జిన్ కలుస్తాయి.

మొహాలు గుర్తుపట్టే పని ఇంకా వేగంగా కావాలంటే ఏఐ యాక్సిలరేటర్ కావాలి, బోర్డులో అది లేదు. 2024 జూన్‌లో వచ్చిన 13 టాప్స్ ఏఐ కిట్ అప్పట్లో 70 డాలర్లు, అంటే 60 డాలర్ల బోర్డు కంటే ఎక్కువ. పైగా అది కూర్చునేది ఆ ఒక్క పీసీఐ లేన్ మీదే. అది పెడితే ఎస్‌ఎస్‌డీకి చోటు లేదు. రెండూ కావాలంటే ఇంకో స్విచ్ బోర్డు, ఇంకో ఖర్చు.

ధరలు అక్కడ కూడా ఆగలేదు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లని తినేస్తుండడంతో 2025 డిసెంబర్‌లో పై 5 రేట్లు పెంచారు. 16 జీబీ మోడల్ 120 డాలర్ల నుంచి 145 కి వెళ్లింది. మనం ఏఐ ప్రాజెక్ట్ చేయడానికి కొనే బోర్డు రేటు ఏఐ వల్లే పెరగడం, నవ్వాలో ఏడవాలో తెలియని పరిస్థితి. అదే రోజుల్లో 1 జీబీ మోడల్‌ని 45 డాలర్లకి తెచ్చారు, అది మాత్రం మెచ్చుకోవాల్సిన పని.

సీనియర్ రికార్డులో కోడ్ ఎందుకు పనిచేయదు?

పై 5 కొన్న బ్యాచ్‌లో మొదటి షాక్ సాధారణంగా ఎల్‌ఈడీ దగ్గరే తగులుతుంది. సీనియర్ అన్న ఇచ్చిన రికార్డులోంచి పైథాన్ కోడ్ ఎక్కిస్తారు. అందులో ఆర్‌పీఐ డాట్ జీపీఐఓ లైబ్రరీ ఉంటుంది. ఎర్రర్ వస్తుంది. బోర్డు పాడైందని రిటర్న్ పెట్టడానికి రెడీ అయిపోతారు.

బోర్డు పాడవలేదు. ఆ పాత లైబ్రరీ మెయిన్ ప్రాసెసర్ రిజిస్టర్లలోకి నేరుగా చెయ్యి పెట్టి పిన్నుల్ని ఆడించేది. ఇప్పుడు పిన్నులు ప్రాసెసర్‌లో లేవు, ఆర్‌పీ1 లో ఉన్నాయి. పాత అడ్రస్‌కి ఉత్తరం రాస్తే కొత్త ఇంటికి ఎలా వెళ్తుంది? పిగ్‌పీఐఓ లైబ్రరీదీ ఇదే కథ. జీపీఐఓ జీరో వాడితే పని జరుగుతుంది. పాత కోడ్ మార్చే ఓపిక లేకపోతే ఆర్‌పీఐ ఎల్‌జీపీఐఓ అనే లైబ్రరీ పాత పేరుతోనే పనిచేస్తుంది. కెమెరాకి కూడా పాత పైకెమెరా కాకుండా పైకెమెరా2 వాడాలి.

నన్నడిగితే ఇది లోపం కాదు, పాఠం. హార్డ్‌వేర్ మీద నేరుగా ఆధారపడిన కోడ్ హార్డ్‌వేర్ మారితే చస్తుందని మైక్రోప్రాసెసర్స్ క్లాసులో వంద సార్లు విన్నదాన్ని ఇక్కడ కళ్లారా చూడొచ్చు. కానీ ల్యాబ్ మాన్యువల్ మార్చకుండా ల్యాబ్ బోర్డులు మార్చేస్తే, ఆ పాఠం వైవా రోజున నేర్చుకోవాల్సి వస్తుంది.

అసలు ఇది ఎందుకు పుట్టింది?

కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు ఒక విషయం గమనించారు. కంప్యూటర్ సైన్స్‌కి అప్లై చేసే పిల్లల సంఖ్య తగ్గుతోంది, వచ్చేవాళ్లకి ప్రోగ్రామింగ్ అనుభవమూ తగ్గుతోంది. 1980లలో బ్రిటన్ పిల్లలు బీబీసీ మైక్రో లాంటి కంప్యూటర్ల మీద ఆడుతూ నేర్చుకున్నారు. తర్వాతి తరానికి ఇంట్లో ఉన్న పీసీ ముట్టుకోకూడని వస్తువైపోయింది. పాడైతే నాన్న తిడతాడు. అందుకని, పాడైనా పెద్దగా బాధపడనక్కర్లేని కంప్యూటర్ ఒకటి చేయాలనుకున్నారు. 2012 ఫిబ్రవరి 29న వచ్చిన మొదటి మోడల్ బీ ధర 35 డాలర్లు. 700 మెగాహెర్ట్జ్ ఒకే కోర్, 256 ఎంబీ ర్యామ్. దాని స్పెక్స్ చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. దాని అసలు స్పెక్ మాత్రం వేగం కాదు, దాన్ని కాల్చేసే ధైర్యం.

నేర్చుకునే బోర్డుకి అన్నిటికంటే ముఖ్యమైన స్పెసిఫికేషన్ డేటా షీట్‌లో ఉండదు. దాన్ని ముట్టుకోవడానికి మనకి ఎంత భయం? అంతే. హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ ఎకో పిన్ 5 వోల్టులు ఇస్తుంది, పై పిన్ను 3.3 వోల్టులే తట్టుకుంటుంది. మధ్యలో ఒక కిలోఓమ్, రెండు కిలోఓమ్ రెసిస్టర్లతో డివైడర్ పెడితే 5 కాస్తా 3.3 అవుతుంది. పెట్టకపోతే పిన్ను పోయే ప్రమాదం ఉంది. ఈ విషయాన్ని పుస్తకంలో చదివినవాడికీ, ఒక పిన్ను కాల్చుకున్నవాడికీ తేడా జీవితాంతం ఉంటుంది. బిల్లు ఎనిమిది వేలు దాటిన బోర్డు మీద ఆ చదువు చదవగలమా? పై 5 లో ఇంకో తిరకాసు ఉంది. పిన్నులూ, యుఎస్‌బీ, ఈథర్‌నెట్ అన్నీ ఇప్పుడు ఒకే ఆర్‌పీ1 మీద ఉన్నాయి. ఆ చిప్‌కే దెబ్బ తగిలితే కీబోర్డు, నెట్‌వర్క్ కూడా దాంతోనే పోతాయి.

అందుకే చాలా కాలేజీల్లో జరిగేది మనకి తెలిసిందే. మంచి బోర్డులు నాలుగు కొంటారు, బీరువాలో పెట్టి తాళం వేస్తారు. రిజిస్టర్‌లో సంతకం, హెచ్‌ఓడీ పర్మిషన్, "జాగ్రత్తమ్మా" అనే హెచ్చరిక. అరవై మంది క్లాసులో నలుగురు వైర్లు గుచ్చుతారు, మిగతావాళ్లు ఫొటోలు తీస్తారు. ల్యాబ్ వాళ్లని అనడానికి లేదు. కాలితే లెక్క చెప్పాల్సింది వాళ్లే.

కంపెనీ కూడా మారింది. 2024 జూన్‌లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్ట్ అయింది. అమ్మకాల్లో పెద్ద భాగం ఫ్యాక్టరీలకీ, ఎంబెడెడ్ కంపెనీలకీ. చిప్‌ల కొరత రోజుల్లో ముందు పరిశ్రమలకే ఇచ్చారు, హాబీ వాళ్లు, స్టూడెంట్లు స్టాక్ అలర్ట్‌లు పెట్టుకుని కూర్చున్నారు. ఇందులో మోసం లేదు, వ్యాపారం అంతే. కాకపోతే పై 5 ఎవరి అవసరాలు చూసి తయారైందో అర్థం చేసుకోవడానికి ఇది పనికొస్తుంది.

మరి ఏ పనికి ఏది?

"ఇంత చెప్పి పై 5 వద్దంటావా?" అని అడగొచ్చు. వద్దనను. దాని పని దానికుంది.

కెమెరా పెట్టి ఆబ్జెక్ట్ డిటెక్షన్, రెండు కెమెరాలతో రోబో, ఇంటర్నెట్ లేకుండా తెలుగు మాటని గుర్తించే ప్రయోగం, కాలేజీ లోపల నడిచే చిన్న సర్వర్, వీటికి పై 5 నే తీసుకోండి. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ లాంటి వాళ్లు తెలుగు స్పీచ్ మోడళ్లని అందరికీ ఇస్తున్నారు. వాటిని కుదించి చిన్న బోర్డు మీద నడిపించాలనుకునేవాళ్లకి ప్రతి కోర్, ప్రతి జీబీ విలువైనదే. ఆ ప్రాజెక్ట్‌కి పెట్టిన డబ్బు దండగ కాదు.

నేల తేమ చూసి మోటార్ ఆన్ చేయడం, గ్యాస్ లీకైతే బజర్, ఆర్‌ఎఫ్‌ఐడీ అటెండెన్స్, స్మార్ట్ డస్ట్‌బిన్, ఇవన్నీ పై 5 మీద చేయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. ఈఎస్‌పీ32 చాలు. లేదంటే అదే రాస్ప్‌బెర్రీ పై వాళ్ల పైకో. 2021లో 4 డాలర్లకి వచ్చింది, రెండు కోర్లు, 264 కేబీ ర్యామ్, అనలాగ్ ఇన్‌పుట్లు కూడా ఉన్నాయి. లైనక్స్ బూట్ అయ్యేదాకా ఆగక్కర్లేదు, కరెంటు పోయి వస్తే కార్డు కరప్ట్ అవుతుందన్న బెంగ లేదు.

లైనక్స్ నేర్చుకోవాలంటారా, 15 డాలర్ల జీరో 2 డబ్ల్యూ మీద నేర్చుకున్న లైనక్స్, పై 5 మీద నేర్చుకున్న లైనక్స్ ఒకటే. ఎస్ఎస్‌హెచ్ అదే, డివైస్ ట్రీ అదే. పై 4 కూడా ఇంకా తయారవుతోంది, దానికి చాలా పాత కోడ్ మార్పు లేకుండా నడుస్తుంది, హెచ్.264 ఎన్‌కోడర్ కూడా ఉంది. వీడియో స్ట్రీమింగ్ ఒక్కటే పనైతే నేను ఇప్పటికీ పై 4 వైపే ఓటేస్తాను. ఇక పిన్నులతో పనే లేదు, సర్వర్ మాత్రమే కావాలంటే సికింద్రాబాద్ సీటీసీలో ఆఫీసుల్లో వాడేసిన చిన్న డెస్క్‌టాప్‌ని ఒకసారి చూసి రండి. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, అడాప్టర్, ఫ్యాన్ అన్నీ అందులోనే ఉంటాయి.

"స్పెక్స్ ఎక్కువ, ఆరెంజ్ పై 5 తీసుకుంటా" అనేవాళ్లూ ఉన్నారు. నిజమే, దాని ఆర్‌కే3588ఎస్ చిప్‌లో ఎనిమిది కోర్లు, 6 టాప్స్ ఎన్‌పీయూ, వీడియో ఎన్‌కోడర్ ఉన్నాయి. కాగితం మీద పై 5 ని కొట్టేస్తుంది. కానీ రాత్రి రెండింటికి ఎర్రర్ వస్తే వెతికి చూసుకోవడానికి డాక్యుమెంటేషన్, జవాబులు పై కి ఉన్నంతగా దేనికీ లేవు. డెడ్‌లైన్ ఉన్న స్టూడెంట్‌కి అది కూడా హార్డ్‌వేరే.

మన ల్యాబ్‌కి నా ప్రతిపాదన

ల్యాబ్‌కి బడ్జెట్ వచ్చినప్పుడు "లేటెస్ట్ పది" అని ఇండెంట్ పెట్టడం తేలిక. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లకి చూపించడానికీ బాగుంటుంది. కానీ ఈ లెక్క చూడండి. విడుదల ధరల్లో ఒక 8 జీబీ పై 5 బోర్డు డబ్బుతో ఇరవై పైకోలు వస్తాయి. అడాప్టర్, కూలర్ ఇంకా కలపలేదు. పది పై 5 ల బదులు మూడు కొని, మిగిలిన డబ్బు పైకోలకి, జీరోలకి, సెన్సర్లకి పెడితే క్లాసులో ప్రతి ఒక్కరి చేతిలో ఒక బోర్డు ఉంటుంది. ఏడాదికి ఇన్ని కాలిపోతాయని ముందే లెక్కలో రాసేసుకుంటే ల్యాబ్ అసిస్టెంట్ అన్నకి కూడా టెన్షన్ ఉండదు. పై 5 లు మూడూ ఉండనివ్వండి, ఏఐ ప్రాజెక్ట్ చేసే బ్యాచ్‌లకి సెమిస్టర్ మొత్తం ఇచ్చేయండి. వాటికి సరైన అడాప్టర్, కూలర్, 22 పిన్నుల కేబుల్ కూడా అదే ఇండెంట్‌లో రాయండి. ఏఐ లోపల ఏం జరుగుతోందో, కెమెరా ముందు ఏం జరుగుతోందో వాళ్లని చూసుకోనివ్వండి.

స్టూడెంట్స్ వైపు నుంచి చేయాల్సింది కూడా ఒకటుంది. అబ్‌స్ట్రాక్ట్‌లో "రాస్ప్‌బెర్రీ పై 5 బేస్డ్" అని టైటిల్ పెట్టేముందు ఒక పేజీ రాయండి. ఈ ప్రాజెక్ట్‌కి సెకనుకి ఎన్ని ఫ్రేములు కావాలి, ఎంత మెమరీ కావాలి, కరెంటు ఎక్కడినుంచి వస్తుంది, అనలాగ్ సెన్సర్లు ఎన్ని, కరెంటు పోయి వస్తే ఏం జరగాలి. ఈ అయిదింటికీ జవాబులు రాస్తే బోర్డు పేరు దానంతట అదే తేలుతుంది. రివ్యూలో గైడ్ "ఈ బోర్డే ఎందుకు?" అని అడిగితే "లేటెస్ట్ కాబట్టి మేడం" అనాల్సిన పని ఉండదు.

ఇంకో ఏడాదికో రెండేళ్లకో పై 6 వస్తుంది, మళ్లీ గ్రూపులో అదే ప్రశ్న పడుతుంది. అప్పుడైనా పదిమందిలో ఒక్కరు "ప్రాజెక్ట్ ఏంటి?" అని అడగండి. ఆ ఒక్కరు మీరే అయితే ఇంకా మంచిది.